పసుపు గీత

పొద్దుటి మాత్రకీ మధ్యాహ్నం మాత్రకీ నడుమ
ఒక గంటన్నర
బాల్దొమేరో నావాడు.
ఆ తర్వాత పెట్టె దిగిపోతుంది.

పెట్టె అంటే వాల్పరాయిసోలో అందరికీ తెలుసు.
మా కొండకి రెండుండేవి, ఒకే ఇనుపతాడుకి.
ఒకటి ఎక్కితేనే రెండోది దిగేది.
ముప్పైతొమ్మిదేళ్లు ఆ మీట పట్టుకుని నిలబడ్డాడు.
సగం దారిలో రెండూ పక్కపక్కకి వచ్చే ఆ లిప్తలో
అటువైపు మొహాలు చూసి
ఎవరింట్లో పోట్లాటో, ఎవరు నీళ్లోసుకున్నారో
రాత్రి అన్నం దగ్గర చెప్పేవాడు నాకు.

ఇప్పుడు వంటింటి గడప దాటలేడు.
పాదాలు నేలకి మొలిచినట్టు ఆగిపోతాయి.
పసుపు టేపు కొని గడపకి అటొకటి ఇటొకటి అంటించాను.
గీత కనిపిస్తే దాటతాడు.
గీత లేనిచోట ఆయనకి నేల లేదు.

చేతుల వణుకు గురించి అడుగుతారు అందరూ.
చేతులదేముంది, కప్పులో సగమే పోస్తే సరి.
మాట సంగతి ఎవరూ అడగరు.

ఉప్పు సరిపోయిందా అంటాను.
గిన్నెలు కడుగుతాను, కిటికీ మూస్తాను,
కింద రేవులో ఓడ కూతేసి వెళ్లిపోతుంది,
నేనేం అడిగానో నేనే మరిచిపోయాక
"సరిపోయింది" అంటాడు.
మా అమ్మాయి హసింతా ఆగలేదు.
తండ్రి మాట తనే పూర్తి చేస్తుంది,
ప్రతిసారీ తప్పుగా.

డాక్టర్ ఇతుర్రా గడియారం గీయమంది.
గుండ్రం బాగానే వచ్చింది.
పన్నెండు అంకెలూ కుడివైపే పడ్డాయి,
తుఫానులో సరుకంతా ఒక పక్కకి జారిన ఓడలా.
చివరి అంకెలు నువ్వుగింజలు.
కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది నేను గీసింది కాదు" అన్నాడు.
ఆవిడ దాన్ని ఫైల్లో పెట్టేసుకుంది.
అడిగి తెచ్చుకోవలసింది నేను.

పిల్లలు జూన్ వానల్లో రావడం మొదలుపెట్టారు.
ఇద్దరు. తడిసిన కోట్లు.
సోఫా పక్కన నిలబడతారట, పలకరట.
ఎవరూ లేరన్నాను. లైటు వేశాను. సోఫా జరిపాను.
చీపురు తెచ్చి ఉత్త గాలిని ఊడ్చాను, నా తల్లీ.
పసివాళ్లని కొట్టినదాన్ని చూసినట్టు చూశాడు నన్ను.
ఈ జబ్బులో మొహం కదలదు.
చూపు కదులుతుంది.

నిన్న సాయంత్రం
నేను దుప్పటి మడతపెడుతుంటే
"కూర్చోండి" అన్నాడు.
నలభైనాలుగేళ్ల కాపురంలో మొదటిసారి, మీరు అని.
"మా ఎదెల్‌మీరా చేపల రేవు నుంచి ఇంకా రాలేదు."

నేను రేవు మానేసి పదకొండేళ్లు.
అయినా, ఎందుకో, అరచేతులు వాసన చూసుకున్నాను.

వస్తుంది లెండి, అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.
ఇంకో మాట బయలుదేరిందని తెలుస్తోంది నాకు,
ఎక్కడో తాడు కదులుతున్న చప్పుడు.
ఆగాను.
ముందుకి వంగి, దారమంత గొంతుతో,
"పిల్లలొచ్చారని ఆవిడకి చెప్పకండి.
తరిమేస్తుంది."
మళ్లీ ఖాళీ. మళ్లీ తాడు.
"మంచిదే పాపం.
భయపడుతోంది, అంతే."

లేచాను. పాలు కాచాను.
కప్పులు రెండా నాలుగా తేలక నాలుగూ సగం సగం పోసి
పళ్లెం పట్టుకుని గడప దాకా వచ్చి
అక్కడ ఆగిపోయాను.
కాలు పడలేదు.

కుర్చీలోంచి, ఈసారి వెంటనే,
మీట దగ్గరి పాత గొంతుతో అన్నాడు:
"గీత ఉంది, చూసుకోండి.
దాటండమ్మా."